భరతుడి లేడిపిల్ల ఏమైంది?

ఈ దసరా సంచికకు పిల్లల ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని మన పత్రిక సంపాదకులు అడిగారు. నేను పిల్లల డాక్టరుని కనుక టీకాల గురించో, స్కూలు పిల్లల తిండి గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాని ఈ వేసవిలో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. అది చెప్పకుండా ఇంకేది రాయబోయినా కలం సాగలేదు. అందుకని ఈసారికి ఒక పిట్ట గురించి, దానితోపాటు మన భాగవతంలోని ఒక రాజుగారి గురించి రాస్తున్నాను. వైద్యం కూడా కొంచెం ఉంది. ఓపిగ్గా చదివితే కనిపిస్తుంది.

మే నెల చివర, మెమోరియల్ డే సెలవులు. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చి అప్పటికి నెల అయింది. పొద్దున్నే తులసి కుండీలో నీళ్ళు పోయడానికి పెరట్లోకి వెళ్ళినావిడ "అమ్మాయీ, ఇలా రా! పాలపిట్ట పిల్ల!" అని కేకేశారు. వెళ్ళి చూస్తే మేపుల్ చెట్టు కింద గడ్డిలో గుప్పెడంత పిట్టపిల్ల. ఒంటిమీద సగమే ఈకలు. రెక్కల చివర మాత్రం అందమైన నీలం రంగు. ముందు రోజు రాత్రి గాలివానకు గూట్లోంచి జారినట్లుంది.

అది పాలపిట్ట కాదు. ఇక్కడ మనందరి పెరళ్ళలో కనిపించే బ్లూ జే. అయితే అత్తయ్యగారి పొరపాటుకు ఒక చరిత్ర ఉంది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళు కూడా నీలం రెక్కలు చూసి మన పాలపిట్టను బ్లూ జే అనే పిలిచేవారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. బ్లూ జే కాకి కుటుంబంలోది. కాకిలాగే మహా తెలివైంది, మహా గోలది కూడా. కాని దసరాకు పాలపిట్టను చూస్తే శుభమని పుట్టి పెరిగిన మనిషికి, పెరట్లో నీలిరెక్కల పిట్ట కాళ్ళ దగ్గరకు వచ్చి పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర లేదు. అమ్మవారే పంపిందన్నారు.

చెట్టుమీద రెండు పెద్ద పిట్టలు ఒకటే అరుపు. మా తలలమీదికి దూసుకొచ్చాయి. పిల్లను పొడిచి చంపేస్తాయేమోనని మావారు చేతులూపి వాటిని తరిమేశారు. మా అబ్బాయి చెప్పుల పెట్టె తెచ్చాడు. అందులో మెత్తటి తువ్వాలు వేసి పిల్లను లోపలికి తీసుకొచ్చాం. ఆ రెండూ దాని అమ్మా నాన్నా అని మాలో ఒక్కరికీ తట్టలేదు. గూడు ఆ చెట్టుమీదే, నిచ్చెన వేస్తే చేతికందే ఎత్తులో ఉందని నెల తర్వాత చూశాం. అప్పటికి అది ఖాళీ గూడు.

పిట్టకు నీలూ అని పేరు పెట్టాం. పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు, మెత్తగా పిసికిన అన్నం, కాస్త పెరుగు. గంటగంటకూ నోరు తెరిచేది, గంటగంటకూ ఎవరో ఒకరం పెట్టేవాళ్ళం. మా అబ్బాయికి పదేళ్ళు. ఆ ఏడే స్కూలు మారాడు. కొత్తచోట స్నేహితులు కుదరక ముభావంగా ఉండేవాడు. ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబిచ్చి గదిలోకి పోయేవాడు. అలాంటివాడు నాయనమ్మ పక్కన కూర్చుని "నీలూ, రా! తిను, తిను" అని పిట్టతో తెలుగు మాట్లాడుతుంటే నాకూ మావారికీ కళ్ళు చెమర్చాయి. స్కూలు బస్సు చప్పుడు వినగానే పిట్ట కిటికీ దగ్గర అరిచేది. వాడి భుజంమీద కూర్చుని చెవి కొరికేది. ఆ మూడు నాలుగు వారాలు మా ఇల్లు ఎంత కళకళలాడిందో చెప్పలేను.

జూన్ చివర ఒక సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చేసరికి పిట్ట కొమ్మమీద నిలబడలేక కిందికి జారుతోంది. కాళ్ళు రెండు పక్కలకూ చాపుకుని పొట్టమీద కూలబడింది. రెక్కలు వేలాడుతున్నాయి. చేతిలోకి తీసుకుని కాలు పట్టుకుని చూశాను. ఎముక విల్లులా వంగింది. వేలితో తాకితే గట్టిదనం లేదు. పిల్లల్లో ఈ వంకర నాకు బాగా తెలుసు. రికెట్స్. ఎముకలకు కాల్షియమూ, విటమిన్ డీ అందకపోతే వచ్చే జబ్బు. చనుబాలు తాగే ప్రతి శిశువుకూ మొదటి రోజుల నుంచే రోజుకు 400 యూనిట్ల విటమిన్ డీ చుక్కలు వేయమని నేను ప్రతి తల్లికీ చెబుతాను. మరచిపోతే మందలిస్తాను. ఆ జబ్బును నా వంటింట్లో, నా చేత్తో, నేనే తయారుచేశాను.

గంట దూరంలో గాయపడ్డ అడవి పక్షులకు సేవచేసే లైసెన్సు ఉన్న ఒకావిడ ఉన్నారని తెలిసి ఆ రాత్రే తీసుకెళ్ళాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెట్టారు?" అని. రోజుకు ఇరవైమంది తల్లులను నేను అడిగే ప్రశ్న అదే. చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. పక్షులు పాలు అరిగించుకోలేవనీ, ఎదిగే పిట్టపిల్లకు తల్లి పురుగులూ కీటకాలూ ఏరి తెచ్చి పెడుతుందనీ, బ్రెడ్డూ అన్నంలో దాని ఎముకలకు కావలసింది ఏమీ లేదనీ నిదానంగా చెప్పారు. ఎముకలు కొంతవరకు బాగుపడవచ్చన్నారు. "అసలు కష్టం ఎముకలు కాదు. ఇది తను మనిషిననుకుంటోంది" అన్నారు. తన దగ్గరున్న మిగతా జే పిల్లలతో కలుపుతాననీ, మమ్మల్ని మాత్రం చూడటానికి రావద్దనీ, ఫోనులో గొంతు కూడా వినిపించవద్దనీ చెప్పారు.

తిరిగి వస్తుంటే కారు వెనక సీట్లోంచి మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, మనం దానికి మంచి చేశామా, చెడ్డ చేశామా?"

వాడికి ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ఇంటికి వచ్చాక నాకు గుర్తొచ్చింది జడభరతుడి కథ. చిన్నప్పుడు మా తాతగారు చెప్పేవారు. మన తెలుగు భాగవతం అంటే పోతనగారిదే అనుకుంటాం కాని, ఈ కథ ఉన్న పంచమ స్కంధాన్ని తెలుగు చేసింది గంగన. కథ మీకందరికీ తెలిసిందే. భరత మహారాజు రాజ్యం కొడుకులకు అప్పగించి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్నాడు. నిండు చూలుతో ఉన్న ఒక లేడి నీళ్ళు తాగుతూ, సింహగర్జన విని బెదిరి ఏటిమీదికి దూకింది. గర్భం జారి పిల్ల నీళ్ళలో పడింది. తల్లి చనిపోయింది. కొట్టుకుపోతున్న పిల్లను భరతుడు ఎత్తుకొచ్చి పెంచాడు. గడ్డి పెట్టాడు, నక్కల నుంచి కాపాడాడు, భుజాలమీద మోశాడు. క్రమంగా జపం పోయింది, పూజ పోయింది. లేడిపిల్ల కాసేపు కనపడకపోతే విలవిల్లాడేవాడు. చివరికి ప్రాణం పోయే వేళ కూడా మనసు దానిమీదే ఉండి, మరుజన్మలో తానే లేడిగా పుట్టాడు.

మనవాళ్ళు ఈ కథను మమకారం వల్ల యోగి ఎలా చెడ్డాడో చెప్పడానికి వాడతారు. అది సరే. కాని ఈసారి మళ్ళీ చదువుతుంటే నాకు ఇంతకాలం రాని ప్రశ్న ఒకటి వచ్చింది. భరతుడికి ఏమైందో అందరం చెప్పుకుంటాం. మరి లేడిపిల్ల ఏమైంది? భరతుడు కన్నుమూస్తున్నప్పుడు అది కొడుకులా పక్కనే కూర్చుని దుఃఖించిందని ఉంది. అంటే అప్పటికీ అది మందలో కలవలేదు. తోటి లేళ్ళను ఎరగదు. మనిషిని చూస్తే పారిపోవడం తెలియదు. ఆయన పోయిన మర్నాడు అటువైపు విల్లు పట్టుకుని ఎవడైనా వస్తే, అది తోక ఊపుకుంటూ ఎదురెళ్ళి ఉంటుంది. మమకారం పెంచుకున్నవాడికి మోక్షం ఒక జన్మ వెనక్కు పోయింది. ఆ మమకారానికి గురైనదానికి ఉన్న ఒక్క జన్మే పోయి ఉంటుంది.

"తను మనిషిననుకుంటోంది" అన్న మాటకు శాస్త్రంలో ఒక పేరు, ఒక చరిత్ర ఉన్నాయి. కోన్రాడ్ లోరెంజ్ వియన్నాలో వైద్యం చదివిన డాక్టరు. తర్వాత పక్షుల ప్రవర్తన పరిశోధనలోకి వెళ్ళాడు. గుడ్డులోంచి బయటపడ్డ బాతుపిల్ల మొదటి గంటల్లో తన ముందు కదిలేది ఏదైతే దాన్నే తల్లిగా ముద్ర వేసుకుంటుందని అడవి బాతులతో స్పష్టంగా చూపించాడు. ఆయన వెనక వరసకట్టి నడిచే బాతుపిల్లల ఫొటోలు మీరు చూసే ఉంటారు. 1973లో ఆయనకూ, మరో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఫొటోలు చూస్తే ముద్దొస్తుంది. కాని ఆ ముద్ర పడ్డ పక్షి పెద్దదయ్యాక కూడా తోడు కోసం మనిషివైపే చూడవచ్చు. బాతుల్లో అది గంటల్లో జరిగితే, కళ్ళు మూసుకుని పుట్టే జే లాంటి పిట్టల్లో కొన్ని వారాల్లో జరుగుతుంది. సరిగ్గా నీలూ మా ఇంట్లో ఉన్న వారాల్లో.

ఆ తర్వాత ఏమవుతుందో చెప్పే కథ మన పక్క రాష్ట్రాల్లోనే జరిగింది. వూపింగ్ క్రేన్ అనే తెల్లటి కొంగ, మనిషంత ఎత్తుండేది, వేటవల్లా చిత్తడి నేలలు పోవడంవల్లా 1941 నాటికి అడవిలో ఇరవై చిల్లర మాత్రమే మిగిలింది. ఒక్కో పక్షీ బంగారంతో సమానమైన ఆ కాలంలో టెక్స్ అనే ఆడకొంగ జూలో మనుషుల చేతిలో పెరిగింది. పెద్దదయ్యాక మగకొంగలను దగ్గరకు రానివ్వలేదు. మనుషుల ముందే నాట్యం చేసేది. విస్కాన్సిన్‌లో అంతర్జాతీయ కొంగల సంస్థను స్థాపించినవారిలో ఒకరైన జార్జ్ ఆర్చిబాల్డ్ ఆ జాతిని నిలబెట్టడం కోసం ఆ కొంగ పక్కనే పాక వేసుకుని ఉండి, రోజూ దానితో రెక్కలాడించినట్లు చేతులాడిస్తూ నాట్యం చేశాడు. అలా చేస్తేగాని అది గుడ్డు పెట్టే స్థితికి రాదు. ఏళ్ళ తరబడి కష్టపడ్డాక, కృత్రిమ గర్భధారణ ద్వారా 1982లో ఒక పిల్ల బతికింది. ఆ ఏడాదే టెక్స్ రకూన్ల బారినపడి చనిపోయింది. ఆయన ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కాని ఆలోచించండి: మొదట్లో ఎవరో ముద్దుగా చేసిన పెంపకం విప్పలేని ముడి అయితే, ఆ ముడితోనే నెగ్గుకు రావడానికి ఒక శాస్త్రవేత్త ఏళ్ళు ధారపోయాల్సి వచ్చింది.

ఈ పాఠం నేర్చుకున్నాక పిల్లకొంగలను పెంచేవాళ్ళు ఏం చేశారో తెలుసా? తమ ముఖం దాచుకున్నారు. నిలువునా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతో తిండి చూపించారు. పిల్లల దగ్గర ఒక్క మాట మాట్లాడేవారు కాదు. రికార్డు చేసిన కొంగ కూతలు వినిపించేవారు. 2001 నుంచి చిన్న తేలికపాటి విమానాల వెనక వాటిని ఎగిరించి విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడాకు వలసదారి నేర్పారు. నెలల తరబడి పెంచి, ఒక్కసారైనా పేరు పెట్టి పిలవకుండా, తల నిమరకుండా వదిలేయడం! ఆ పిల్ల తనను ఎవరు పెంచారో ఎన్నటికీ ఎరగదు. గుప్తదానం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అంత చేసినా అది చాలలేదు. ఆ పక్షులు అడవిలో బతికాయి కాని తమ పిల్లలను అంత బాగా పెంచుకోలేకపోయాయి. అందుకే 2016లో విమానాల పద్ధతి ఆపేసి, కొంగల చేతే కొంగపిల్లలను పెంచించే పద్ధతికి మొగ్గారు. తల్లి నేర్పేది బొమ్మ నేర్పలేదు. అయినా ఇన్ని పద్ధతులూ కలిసి ఆ జాతిని నిలబెట్టాయి. ఇప్పుడు అడవిలోవీ, పెంపకంలోవీ కలిపితే అవి ఎనిమిది వందలకు అటూఇటూగా ఉన్నాయి.

ఇంతవరకు చదివి "మరి దెబ్బతిన్న ప్రాణిని చూసి పక్కకు తప్పుకోమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. మా అత్తయ్యగారు అడిగారు. ఆవిడ చెప్పిన ఉదాహరణకు నా దగ్గర తేలిక జవాబు లేదు. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా రైతు ఒకాయనకు 2022లో పొలంలో కాలు విరిగిన సారస కొంగ దొరికింది. వాల్మీకి మహర్షి చూసిన క్రౌంచపక్షి ఇదేనని కొందరు పండితులు అంటారు. ఆ రైతు దాని కాలికి కట్టు కట్టాడు. పంజరంలో పెట్టలేదు, తాడు కట్టలేదు. కాలు బాగయ్యాక కూడా అది వెళ్ళిపోలేదు. ఆయన మోటారు సైకిలు వెనక ఎగురుకుంటూ వెళ్ళేది, ఆయన కంచంలో తినేది. ఆ వీడియోలు దేశమంతా చూసింది. మరుసటి ఏడు మార్చిలో అటవీశాఖవారు వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని తీసుకెళ్ళి ఒక అభయారణ్యంలో ఉంచారు. అది అక్కడ ఉండకుండా పక్క ఊరికి వెళ్ళింది. చివరికి కాన్పూర్ జూకు చేర్చారు. ఆయన చూడబోతే కంచె వెనక అది గంతులు వేసింది. ఏ పంజరమూ ఎరగని పక్షి చట్టం చేతిలో పంజరానికి చేరింది.

"ఆ రైతు చేసిన తప్పేమిటి, అమ్మాయీ?" అని అత్తయ్యగారు అడిగారు. ఆలోచించాను. కాలు కట్టడంలో తప్పు లేదు. తలుపు తీసి ఉంచాడు, ఆ విషయంలో నాకంటే ఆయన నయం. తీసుకెళ్ళినవాళ్ళు కూడా దుర్మార్గులని అనను. ప్రతివాడూ ఇంటికొక అడవి పక్షిని తెచ్చుకుంటే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. కాని ఒకటి నిజం. మనిషికి మచ్చికైన అడవి ప్రాణికి ఆ మనిషే అడవి. ఆయన నీడ తొలగించిన రోజున దానికి మిగిలేది జూ ఒక్కటే. మనం ఎంత మంచివాళ్ళమైనా రేపు మనకు ఏమైనా కావచ్చు. ఉద్యోగం పోవచ్చు, ఊరు మారవచ్చు, ప్రాణం పోవచ్చు. భరతుడికి అదే జరిగింది. మన మంచితనంమీద మాత్రమే ఆధారపడి బతికేలా ఒక ప్రాణిని తయారుచేయడం ఎంతవరకు న్యాయం?

అందుకని నాకు తోచింది ఇది. ఏట్లో కొట్టుకుపోతున్న లేడిపిల్లను ఎత్తుకోవడం భరతుడి తప్పు కాదు. ఎత్తుకోకుండా కళ్ళు మూసుకుని జపం చేసుకుని ఉంటే అదీ ఒక జపమా? పిల్ల తనంతట తాను గడ్డి మేసే రోజు ఒకటి వచ్చి ఉంటుంది. దూరంగా లేళ్ళ మంద కనిపించి ఉంటుంది. ఆ రోజు వరకు ఉన్నది దయ. ఆ రోజు తర్వాత ఉన్నది భరతుడి అవసరం. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. అదే గడ్డి, అదే నిమరడం, అదే ముద్దు. తేడా ఎక్కడంటే, దయ అవతలివాడికి ఏం కావాలో అడిగి తెలుసుకుంటుంది. మమకారం తన దగ్గర ఉన్నదే పెడుతుంది. మేం మా దగ్గరున్న పాలూ బ్రెడ్డూ పెట్టాం. మా నీలూకైతే ఆ గీత మొదటి గంటలోనే ఉంది. చెట్టుమీద దాని అమ్మానాన్నలు అరుస్తూనే ఉన్నారు. పిల్లవాడి ఒంటరితనం పోవాలని మాకు ఉంది. ఇంట్లో తెలుగు వినబడాలని మాకు ఉంది. శుభం మా గడప తొక్కాలని మాకు ఉంది. ఇన్ని అవసరాల బరువు ఆ గుప్పెడు పిట్టమీద పెట్టాం. దాని ఎముకలు వంగాయంటే ఆశ్చర్యం ఏముంది?

పక్షులతో చుట్టరికం వద్దని నేను చెప్పడం లేదు. మా గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. చిన్నప్పుడు మా నాన్నగారు స్కూటరుమీద తీసుకెళ్ళి చూపించేవారు. ఆ ఊళ్ళో ఎవరూ వాటిని పెంచరు, పేర్లు పెట్టరు, పట్టుకోరు. ఎవరినీ కొట్టనివ్వరు కూడా. అంతే. అవి తమ పిల్లలను తాము పెంచుకుని వెళ్ళిపోతాయి, మళ్ళీ వస్తాయి. నేను మెడిసిన్ చదివిన రష్యాలో చలికాలం మంచులో పిల్లలు ఖాళీ పాల డబ్బాలకు కిటికీలు కోసి, గింజలు పోసి చెట్లకు కట్టేవారు. పిట్టలు వచ్చి తిని ఎగిరిపోయేవి. హాస్టలు కిటికీలోంచి వాటిని చూస్తూ అమ్మ మీద బెంగ మరచిపోయేదాన్ని. అవీ బంధాలే. తలుపు అవతలివాళ్ళ చేతిలో ఉన్న బంధాలు.

ఇక్కడ ఉండేవారికి నాలుగు మాటలు, డాక్టరుగా. ఈకలు నిండుగా వచ్చి నేలమీద గెంతుతున్న పిట్టపిల్ల కనిపిస్తే అది ఎగరడం నేర్చుకుంటోందని అర్థం. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లినీ కుక్కనూ లోపల కట్టేసి మీరు పక్కకు తప్పుకోండి. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టేయండి. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్నది వట్టి మాట. గాయపడి ఉంటే అట్టపెట్టెలో, చీకటిలో, వెచ్చగా ఉంచి వెంటనే లైసెన్సు ఉన్నవారికి చేర్చండి. పాలు, నీళ్ళు, బ్రెడ్డు ఏవీ నోట్లో పోయకండి. ఇక్కడి అడవి పక్షులను అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం 1918 నాటి చట్టం ప్రకారం నేరం. నాకు ఆ చట్టం సంగతి తెలియదు. తెలియకపోవడం పిట్ట కాలికి సాకు కాలేదు.

జూలై మధ్యలో ఆవిడ ఫోను చేశారు. "మంచి కబురు. నిన్న నేను లోపలికి వెళితే మీ పిట్ట కూడా మిగతావాటితోపాటు నన్ను చూసి పారిపోయింది" అన్నారు. మా అబ్బాయికి చెప్పాను. కాసేపు ఊరుకుని "నన్ను చూసినా పారిపోతుందా?" అని అడిగాడు. "పారిపోవాలి, నాన్నా" అన్నాను. వాడు ఏడవలేదు. ఆగస్టు చివర నాలుగు పిట్టలనూ కలిపి వదిలేశారట. ఎడమ కాలు కాస్త వంకరగానే ఉండిపోయిందట. కొమ్మమీద నిలబడగలుగుతోంది, ఎగరగలుగుతోంది అన్నారు. ఈ చలికాలం గట్టెక్కుతుందో లేదో ఎవరికీ తెలియదు. మేం పెరట్లో గింజల డబ్బా కట్టాం. జే వాలినప్పుడల్లా మేం ముగ్గురం ముందు దాని ఎడమ కాలు చూస్తాం. నీలూ గంట దూరంలో ఉందని తెలిసీ చూస్తాం.

మా అబ్బాయి ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను. మంచి చేయాలనుకున్నాం, చెడ్డ చేశాం, తెలిశాక వీలైనంత దిద్దుకున్నాం, దిద్దలేనిది కొంత మిగిలింది. నా వృత్తిలో కూడా కొన్నిసార్లు అంతే. వాడు తల ఊపాడు. ఈమధ్య నాయనమ్మతో పిట్ట లేకపోయినా తెలుగు మాట్లాడుతున్నాడు.

అత్తయ్యగారు పండుగ అయ్యాక గుంటూరు వెళ్ళిపోతున్నారు. ముసుగు వేసుకుని కొంగలను పెంచేవాళ్ళ సంగతి చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "పాపం, వాళ్ళు ముఖం దాచుకుని పంపించారు. మేం ముఖం చూపించే పంపించాం కదమ్మా మిమ్మల్ని." ఆ మాటకు నేనూ మావారూ జవాబు చెప్పలేకపోయాం. మనలో చాలామంది జవాబు చెప్పలేరనుకుంటాను. మన పిల్లలు రేపు కాలేజీలకు వెళ్ళేటప్పుడు మన వంతు వస్తుంది.

చివరిగా ఒక విన్నపం. ఈ దసరాకు ఇండియాలో ఉండేవారు, లేదా మీ అమ్మానాన్నలు అక్కడ ఉంటే వారు, పాలపిట్ట దర్శనం కోసం వెళ్ళేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పట్నాల్లో పాలపిట్టలు కనిపించడం తగ్గాక, కొందరు వాటిని వల వేసి పట్టి, కాళ్ళు కట్టి, రెక్కలు కత్తిరించి పంజరంలో పెట్టి చూపించి డబ్బులు తీసుకుంటున్నారు. చట్టం దాన్ని నిషేధించింది. అయినా కొనే చూపులు ఉన్నంతకాలం అమ్మేవాళ్ళు ఉంటారు. అజ్ఞాతవాసం ముగించి వస్తున్న పాండవులకు ఎదురైందని చెప్పుకునే పాలపిట్ట తనంతట తాను ఎగిరి వచ్చింది కనుకనే శుభమైంది. కట్టేసిన పిట్టను చూస్తే ఏ శుభం కలుగుతుంది? ఊరి బయటకు, జమ్మిచెట్టు దాకా నడవండి. తీగమీదో, పొలం గట్టుమీదో కనిపిస్తే దణ్ణం పెట్టుకోండి. కనిపించకపోతే, అది ఎక్కడో హాయిగా ఎగురుతోందని తలచుకుని దణ్ణం పెట్టుకోండి.

మీకూ మీ కుటుంబాలకూ విజయదశమి శుభాకాంక్షలు. వచ్చే సంచికలో టీకాల గురించి తప్పకుండా రాస్తాను.